ద్రాక్షసారా వర్తకుడు కట్టిన ఇనుప చట్రం

ఆర్కిటెక్చర్, ఫ్రేమ్‌వర్క్ అంటూ మనం రోజూ వాడే మాటలు భవనాలు కట్టేవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకున్నవే. ఆ అరువిచ్చినవాళ్ళలో ఒకాయన చార్లెస్ బేజ్ (1751-1822). ఇంగ్లండులోని ష్రూస్‌బరీలో ద్రాక్షసారా అమ్మేవాడు, భూములు సర్వే చేసేవాడు. ఆ ఊరి పొలిమేరలో, డిథరింగ్టన్‌లో, 1797లో ఆయన అయిదంతస్తుల అవిసె నార మిల్లు కట్టించాడు. లోపలి స్తంభాలూ దూలాలూ అన్నీ ఇనుమే అయిన భవనాల్లో ప్రపంచంలో మొదటిది అదే.

అసలు సమస్య నిప్పు. అప్పటి మిల్లుల్లో నేల చెక్క, దూలాలు చెక్క, వెలుతురుకి దీపాలు, గాలినిండా నార ధూళి. 1796లో లీడ్స్‌లో జాన్ మార్షల్ మిల్లు తగలబడింది. ష్రూస్‌బరీ మిల్లులో బేజ్‌కి భాగస్వామి ఈ మార్షలే. అంతకు మూడేళ్ళ ముందే డెర్బీలో విలియం స్ట్రట్ ఇనుప స్తంభాలు నిలబెట్టి, చెక్క నేలకి బదులు ఇటుక కమానులు వేశాడు. దూలాలు మాత్రం చెక్కవే. వాటికి ప్లాస్టర్ పూసి సరిపెట్టాడు. మన భాషలో దాన్ని ప్యాచ్ అంటాం.

స్ట్రట్ అక్కడ ఆగడానికి కారణం ఉంది. పోత ఇనుము నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, కాబట్టి స్తంభానికి భేషుగ్గా పనికొస్తుంది. దూలం సంగతి వేరు. బరువుకి అది వంగినప్పుడు అడుగుభాగం సాగాలి. పోత ఇనుము సాగదు, ముందస్తు హెచ్చరిక లేకుండా పుటుక్కున విరుగుతుంది. బేజ్ అందుకే వంపు ఎక్కువగా ఉండే నడిమి భాగంలో దూలాన్ని లోతుగా పోయించాడు. స్తంభాలు అడ్డంగా కోస్తే కూడిక గుర్తులా ఉంటాయి. సన్నటి స్తంభం బరువుకి నడుము దగ్గర వంగుతుంది గనక అక్కడ వాటిని లావు చేశాడు. ఒక దూలం నుంచి పక్క దూలానికి ఇటుక కమానులు. కమాను పక్కలకి తోస్తుంది, పక్క కమాను ఎదురు తోస్తుంది, మిగిలినదాన్ని ఇనుప కడ్డీలు పట్టి ఉంచుతాయి. తరవాతి కాలంలో స్ట్రట్‌కి రాసిన ఉత్తరాల్లో దూలాలూ స్తంభాలూ ఎంత మోస్తాయో లెక్కగట్టే సూత్రాలు కూడా రాశాడు. నా దృష్టిలో మిల్లుకన్నా ఆ ఉత్తరాలే గొప్పవి.

ఈ భవనాన్ని ఆకాశహర్మ్యాలకి తాత అంటారు. నేను సగమే ఒప్పుకుంటాను. బయటి ఇటుక గోడలు ఇక్కడ ఇంకా బరువు మోస్తూనే ఉన్నాయి. వాటిని కూడా చట్రానికే అప్పగించడం తరవాతివాళ్ళ పని. ఇనుము మండదుగానీ, పెద్ద మంటల్లో పోత ఇనుము పగలగలదు. అయినా, పిల్లలు కూడా పనిచేసిన ఆ మిల్లులో చెక్క నేలలు లేకపోవడం చిన్న విషయం కాదు.

1890ల చివర ఆ మిల్లు బార్లీతో మాల్ట్ చేసే కార్ఖానాగా మారింది. 1987లో అదీ మూతపడి, చాలా ఏళ్ళు ఖాళీగా పడివుంది. 2005లో ఇంగ్లిష్ హెరిటేజ్ కొన్నది. మరమ్మతులు చేసి 2022లో సందర్శకులకి తలుపులు తెరిచారు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు వెళ్తే, ఆ స్తంభాల నడుము ఎక్కడ లావెక్కుతుందో దగ్గరగా చూడండి.