ఏ కాలానికి ఆ మాట



మొన్న మా అమ్మాయి తెలుగు పాఠం చదువుకుంటూ విసుక్కుంది. "ఎప్పుడో పోయిన కవుల సంగతి మాకెందుకమ్మా? వాళ్ళ కాలం వేరు, మా కాలం వేరు" అంది. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. వెంటనే జవాబు తోచలేదు. పదో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని. అయినా ఆ మాట మనసులో ఉండిపోయింది. వాళ్ళ కాలం వేరన్నది నిజమే. ఆ కాలం వాళ్ళ చేత ఏం రాయించింది, ఎవరి గురించి రాయించింది, ఎవరిని వదిలేసింది అన్నది తెలిస్తే మాత్రం మన సంగతి మనకే కొత్తగా కనిపిస్తుంది.

దీనికి దూరం వెళ్ళనక్కర్లేదు. మా నెల్లికుదురు నుంచి తొర్రూరు మీదుగా పాలకుర్తి వెళ్ళి, అదే మండలంలో ఉన్న బమ్మెర చూసి, వెనక్కి వచ్చి చిన్నగూడూరు కూడా చూసుకుంటే, పొద్దున బయలుదేరిన మనిషి పొద్దుగూకేసరికి ఇల్లు చేరవచ్చు. ఆ ఒక్కరోజు దారిలో కొన్ని వందల ఏళ్ళ తెలుగు సాహిత్యం ఉంది.

ముందు పాలకుర్తి. కాకతీయుల కాలంనాటి పాల్కురికి సోమనాథుడి ఊరు. అంతకు ముందు, పదకొండో శతాబ్దంలో, నన్నయగారు రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కోరిక మీద భారతం మొదలుపెట్టారు. రాజసభలో పండితులు వినే కావ్యం గనుక అందులో సంస్కృత వృత్తాలూ, సంస్కృత పదాలూ నిండుగా ఉన్నాయి. తర్వాత గాలి మారింది. పన్నెండో శతాబ్దంలో కన్నడ దేశాన బసవేశ్వరుడు కులాన్ని బట్టి మనిషిని ఎంచవద్దన్నాడు. ఆ మాట తెలుగు నేలకూ వచ్చింది. సామాన్యులకు చెప్పాలంటే సామాన్యుల మాటే కావాలి గదా! అందుకని సోమనాథుడు బసవపురాణాన్ని పాడుకోవడానికి వీలైన ద్విపదలో రాశాడు. బట్టలుతికే మడివాలు మాచయ్య అందులో పూజ్యుడయ్యాడు. శివుడికి తల్లి లేదే అని బాధపడి, తానే తల్లినవుతానన్న బెజ్జమహాదేవి అందులోకి వచ్చింది. ఆయనే పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, గొబ్బి పదాలు, వెన్నెల పదాలు అంటూ ఆనాటి పాటల పేర్లు చెప్పాడు. పేర్లు మిగిలాయి. పాడిన గొంతులెవరివో ఎవరూ రాసి పెట్టలేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇక బమ్మెర. 1323లో ఓరుగల్లు పడిపోయింది. పెద్ద సింహాసనం కూలాక చిన్న రాజ్యాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకున్నాయి. పదిహేనో శతాబ్దంలో పోతన భాగవతం రాసేనాటికి కావ్యాన్ని రాజుకు అంకితమివ్వడమే కవికి బతుకుదెరువు. ఆయన మాత్రం దాన్ని శ్రీరాముడికి అంకితమిచ్చాడు. కాలం మనిషిని మలుస్తుంది, నిజమే. కానీ మనిషి దానికి తలవంచి తీరాలని లేదు. అక్షరం ముక్క రాని ముసలమ్మలు కూడా ఆ పద్యాలు చెవులతో నేర్చుకుని నోటికి అప్పజెప్పడం మనలో చాలామంది చూసిందే.

మూడోది మా మహబూబాబాద్ జిల్లాలోని చిన్నగూడూరు, దాశరథి సోదరుల ఊరు. కృష్ణమాచార్యగారు 1925లో, రంగాచార్యగారు 1928లో పుట్టారు. అది నిజాం కాలం. కచేరీలో ఉర్దూ, పెద్ద చదువులో ఉర్దూ. ఊళ్ళో దొరల వెట్టి. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అప్పటికే 1901లో హైదరాబాదులో, 1904లో హనుమకొండలో తెలుగు గ్రంథాలయాలు వెలిశాయి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు బదులుగా సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ జరిగినప్పుడే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. ఇంత రాపిడిలో పెరిగిన కృష్ణమాచార్యగారు నిజామాబాదు జైల్లో గోడ మీద బొగ్గుతో పద్యాలు రాశారు. 1949లో అగ్నిధార వెలువడింది. రంగాచార్యగారి చిల్లర దేవుళ్ళు 1969లో వచ్చింది. దొర ఇంటి ఆడబాప బతుకు అందులో ఉంది. పెళ్ళికూతురి వెంట సారెతో పాటు పంపించే ఆడపిల్లను ఆడబాప అనేవారు. అట్లాంటి పిల్ల నవలలోకి రావడానికి నిజాం రాజ్యం పోయాక కూడా ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు మళ్ళీ పాలకుర్తికే వద్దాం. చాకలి మాచయ్యకు దండం పెట్టిన సోమనాథుడి ఊళ్ళోనే కొన్ని వందల ఏళ్ళ తర్వాత చాకలి ఐలమ్మ కౌలు చేసుకున్న పొలం కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది. సంఘం వాళ్ళ సాయంతో పంట ఇంటికి తెచ్చుకుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో ఎందరో ఆడవాళ్ళు పనిచేశారు. అన్నం పెట్టారు, ఉత్తరాలు మోశారు, తుపాకులూ పట్టారు. పోరాటం అయిపోయాక చాలామందిని ఇంటికి పోయి వంట చూసుకోమన్నారు. వాళ్ళ మాటలు వాళ్ళ నోటనే విని రాసిన పుస్తకం, స్త్రీశక్తి సంఘటన వారి 'మనకు తెలియని మన చరిత్ర', 1986లో గానీ రాలేదు. ఐలమ్మ మాట అందులో ఉంది. పుస్తకం వచ్చేనాటికి ఆమె లేదు, 1985లోనే కన్నుమూసింది. ఎవరో వెళ్ళి ముందు కూర్చుని అడిగారు గనుక ఆ మాట దక్కింది. అడగనివాళ్ళ మాట?

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను మొదటిసారి రేడియోలో మాట్లాడినప్పుడు నా మాటంతా దిద్దుకుని పుస్తకంలా చదివాను. మా అమ్మమ్మ విని, "రేడియోల మాట్లాడింది నువ్వేనా బిడ్డా? నీ గొంతే గాని నీ మాట గాదు" అంది. ఆమె వేలిముద్ర మనిషి. బతుకమ్మ పాటలు రాత్రంతా పాడినా పాడిన పాట మళ్ళీ పాడేది కాదు. రజాకార్ల రోజుల్లో జొన్నచేనులో దాక్కున్న సంగతి పాటలాగే చెప్పేది. రాసుకుందామనుకుంటూనే ఏళ్ళు గడిపాను. ఇవాళ నాకు ఆమె పాటలు రెండు వచ్చు, అవీ సగం సగం. తుమ్మెద పదాలు పాడిన ఆ పాతకాలపు ఆడవాళ్ళను ఎవరూ రాయలేదని ఇందాక అన్నానే, మా ఇంట్లో రాయనిదాన్ని నేనే.

అందుకే మా అమ్మాయికి నా జవాబు ఇదీ. ప్రతి కాలం కొందరి మాట కాగితం మీద పెడుతుంది, కొందరి మాట గాలికి వదిలేస్తుంది. పాతవి చదివితే ఎవరి మాట ఉందో, ఎవరిది లేదో కనిపిస్తుంది. ఆనాడు కలం మన చేతిలో లేదు. ఇప్పుడు ఉంది. కలం లేకపోతే చేతిలో సెల్‌ఫోను ఉంది.

ఈ పేజీ చదువుతున్న మీరు ఈ రాత్రి మీ అమ్మనో అత్తనో కూర్చోబెట్టి ఒక్క పాట అడగండి. ఆమె ఎట్లా అంటే అట్లాగే రాయండి, దిద్దకండి. కింద ఆమె పేరు, ఊరు, తేదీ వేయండి.

మా అమ్మాయి నిన్న మా అమ్మ దగ్గర కూర్చుని రెండు పేజీలు రాసింది. రెండు చోట్ల నేను దిద్దబోతే నోటుబుక్కు లాక్కుంది.

సెలవు.