మందు కాలాక మిగిలేదే ముప్పు!
తుపాకీ గొట్టమైనా, బొగ్గుబాయి అయినా అదే లెక్క

దుర్గాపూర్ (చంద్రాపూర్): సైరన్ మోగుతుంది. కాసేపటికి నేల అదురుతుంది. కిటికీ తలుపులు గలగలమంటాయి. ఉపరితల గని పక్కన కాపురాలుండే దుర్గాపూర్ వాసులకు ఇది కొత్తేమీ కాదు. ‘మందు పేల్చిండ్రు’ అనుకుని ఎవరి పనిలో వారు పడిపోతారు. పేలుడు చప్పుడుకు అందరూ ఉలిక్కిపడతారు గానీ, పేలాక మిగిలే మసి, పొగ గురించి ఆలోచించేది తక్కువ మందే. అసలు ముప్పు చాలాసార్లు అక్కడే పొంచి ఉంటుంది. గనిలో పేల్చే మందుకే కాదు, లైసెన్సుదారు నడుముకుండే రివాల్వర్ తూటాకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

చంద్రాపూర్ జిల్లాకు మందుతో అనుబంధం గట్టిదే. ఒకవైపు వెస్ట్రన్ కోల్‌ఫీల్డ్స్ గనులు, మరోవైపు భద్రావతిలో చాందా ఆయుధ కర్మాగారం. ఈ కర్మాగారం 2021 అక్టోబరు 1 నుంచి మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కిందికి వచ్చింది. మంచిర్యాల, సిర్పూరు వైపు నుంచి గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సర్దార్, షాట్‌ఫైరర్ అన్న మాటలు ఇంటి మాటలే.

సగానికి పైగా మసే

సురేకారం, బొగ్గుపొడి, గంధకం కలిస్తే పాతకాలపు నల్లమందు. దీపావళికి టపాకాయలు కాల్చిన చోట తెల్లటి పొగ, గచ్చు మీద నల్లమరక, కుళ్లిన కోడిగుడ్డు వాసన.. ఇవన్నీ దాని గుర్తులే. ఈ మందు కాలితే అంతా గాలిలో కలిసిపోతుందనుకుంటే పొరపాటు. 1875లో ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు మూసిన ఉక్కు పాత్రలో దీన్ని కాల్చి లెక్కగట్టారు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుందని తేల్చారు. అంటే పది గ్రాములు కాలిస్తే ఐదు గ్రాములకు పైగా మసి, లవణాలే. ఆ లవణాలు గాలిలోని తేమను లాగేస్తాయి. వానాకాలంలో తుడవకుండా వదిలేస్తే తుపాకీ గొట్టానికి తుప్పు పట్టడానికి ఎన్నో రోజులు అక్కర్లేదు.

ఈ బాధ తప్పించింది పొగలేని మందు. 1884లో ఫ్రాన్స్‌కు చెందిన పాల్ వియెల్ దీన్ని తయారు చేశారు. 1887లో ఆల్ఫ్రెడ్ నోబెల్ బాలిస్టైట్, 1889లో బ్రిటన్‌లో కార్డైట్ వచ్చాయి. నైట్రో సెల్యులోజ్ ఆధారంగా చేసిన ఈ మందు దాదాపు అంతా వాయువుగా మారుతుంది. మసి బాగా తక్కువ. అయితే ఒక షరతు ఉంది. అది సరైన ఒత్తిడిలో కాలాలి.

రివాల్వర్‌కు మసి పడదు

రివాల్వర్‌లో తూటాలుండే సిలిండర్‌కు, గొట్టానికి మధ్య సన్నటి సందు ఉంటుంది. పేల్చిన ప్రతిసారీ వేడి వాయువు ఆ సందులోంచి పక్కకు చిమ్ముతుంది. మసి అక్కడే పేరుకుంటుంది. పట్టించుకోకపోతే సిలిండర్ బిగుసుకుపోతుంది. తీరా అవసరమైన వేళ తిరగనంటుంది.

అమెరికా వంటి దేశాల్లో ఖాళీ తొడుగులను సొంతంగా తిరిగి నింపుకొనే అలవాటు ఉంది. ‘మందు మురికిగా కాలుతోంది’ అన్నది అక్కడ తరచూ వినిపించే ఫిర్యాదు. తప్పంతా మందుదే కాదు. ఉదాహరణకు .45 కోల్ట్ తూటా 1873 నాటిది. నల్లమందు దండిగా పట్టేలా దాని తొడుగును పెద్దగా చేశారు. పొగలేని మందు కొంచెం వేసినా సరిపోతుంది కాబట్టి తొడుగులో చాలా చోటు ఖాళీగా ఉండిపోతుంది. ఒత్తిడి చాలక పలుకులు సగం కాలి సగం మిగులుతాయి. ఇత్తడి తొడుగు ఉబ్బి అరను మూసేయాల్సింది మూయదు. దాంతో మసి వెనక్కి తన్ని తొడుగు బయట నల్లగా పట్టేస్తుంది. సీసం గుండుకు పూసిన మైనం కాలిన పొగ దీనికి తోడు.

శుభ్రంగా కాలాలని మందు పెంచుకుంటూ పోతే ఇంకో ప్రమాదం. సిలిండర్ పగిలి వేళ్లు పోతాయి, కళ్లు పోతాయి. మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం మందుగుండు తయారీకి వేరే లైసెన్సు కావాలి. రివాల్వర్‌కు లైసెన్సు ఉంది కదా అని అనుమతి లేకుండా ఇంట్లో తూటాలు నింపుకొంటే నేరమే.

నీళ్లు ముందు, నూనె తర్వాత

పాత తూటాల క్యాపులో పొటాషియం క్లోరేట్ వాడేవారు. కాలాక అది ఉప్పులాంటి పొటాషియం క్లోరైడ్‌గా మిగిలేది. దీన్ని నూనె కరిగించలేదు, నీళ్లే కరిగించాలి. పాతకాలం సిపాయిలు గొట్టంలో వేడినీళ్లు పోసి కడిగి, బాగా ఆరబెట్టి, ఆపైన నూనె పట్టించడానికి కారణం ఇదే. ఇప్పటి తూటాల్లో ఎక్కువగా సీసం, బేరియం, ఆంటిమొనీ సమ్మేళనాలు ఉంటాయి. తుప్పు భయం తగ్గింది గానీ సీసం భయం వచ్చింది. తుపాకీ తుడిచిన చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నం ముట్టరాదు. ఆ గుడ్డపేలికలు పిల్లల చేతికి అందనీయరాదు.

బొగ్గుబాయిలో చోటు లేదు

తుపాకీలో నల్లమందు తుప్పు తెస్తే, భూగర్భ గనిలో ప్రాణాలే తీసింది. దాని మంట చాలాసేపు ఉంటుంది. కాలుతున్న నిప్పురవ్వలు ఎగిరిపడతాయి. పక్కనే మీథేన్ గ్యాసో, గాల్లో లేచిన బొగ్గు ధూళో ఉంటే గని మొత్తం అంటుకుంటుంది. బొగ్గు ధూళి పేలితే ఎంత ఘోరమో 1906లో ఫ్రాన్స్‌లోని కూరియర్ గని ప్రపంచానికి చూపింది. అక్కడ 1,099 మంది చనిపోయారు. మన దేశంలో 1965 మే 28న ధోరీ గని పేలుడు 268 మందిని బలిగొంది.

అందుకే భూగర్భ బొగ్గు గనుల్లో ‘పర్మిటెడ్’ రకం మందే వాడాలన్న నిబంధన ఉంది. ఇందులో ఉప్పు లాంటి పదార్థాలు కలిపి మంట వేడిని, నిడివిని తగ్గిస్తారు. రంధ్రం మూతికి మట్టి ముద్దలు దట్టంగా కూరేదీ మంట బయటికి తన్నకుండా ఉండేందుకే. మట్టి కూరడంలో బద్ధకిస్తే మందు ఎంత మంచిదైనా ఫలితం ఉండదు.

నారింజ రంగు పొగ కనిపిస్తే..

ఉపరితల గనిలో వాడేది అమ్మోనియం నైట్రేట్ ఆధారిత మందు. అది సరిగా కాలితే పొగ పెద్దగా రంగు లేకుండా తేలిపోతుంది. రంధ్రంలో నీరు చేరినా, పాళ్లు కుదరకపోయినా సగం సగం కాలి పసుపు, నారింజ రంగు పొగ లేస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్. పీల్చినప్పుడు కొద్దిపాటి దగ్గు, కళ్లమంట తప్ప ఏమీ అనిపించకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. షిఫ్టు దిగి బాగానే ఇంటికెళ్లిన మనిషికి అర్ధరాత్రి ఊపిరాడకపోవడం ఇలాగే జరుగుతుంది. భూగర్భంలో మరో శత్రువు కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడమే గుర్తులు.

మందు పేలాక పొగ పూర్తిగా వెళ్లేదాకా, సర్దార్ చూసి సరేననేదాకా ఫేస్‌లోకి పోరాదు. గాలి వాలుకు నిలబడరాదు. ఇంటి వైపు రంగు పొగ వస్తే తలుపులు మూసుకుని లోపలే ఉండాలి. పొగ పీల్చిన వారిని ‘ఏం కాలేదులే’ అని పడుకోబెట్టకుండా దవాఖానాకు తీసుకెళ్లాలి. ఒక రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యం, ఏం పీల్చారో డాక్టర్‌కు చెప్పడం. చెప్పకపోతే మామూలు దగ్గు మందు ఇచ్చి పంపేసే అవకాశం ఉంది. మరాఠీలో చెప్పాల్సి వస్తే ‘స్ఫోటాచా ధూర్’ అన్న రెండు మాటలు చాలు. ప్రాణం నిలబడటానికి ఆ రెండు మాటలే ఆధారం కావచ్చు.