ఇల్లు కట్టిస్తున్నారా? రేటు ఒక్కటే రాసుకుంటే చాలదు

గల్ఫ్‌లో ఏళ్ల తరబడి కష్టపడి పంపిన డబ్బుతో గోదావరి జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు ఇల్లు కట్టుకుంటున్నాయి. మేస్త్రీతో ఒప్పందం మాత్రం చాలాసార్లు ‘చదరపు అడుగుకి ఇంత’ అన్న ఒక్క మాటతో అయిపోతుంది. గొడవ అక్కడే మొదలు. సన్‌షేడ్, మెట్లు కొలతలోకి వస్తాయా? ‘మంచి కాంక్రీటు’ అంటే ఏది?

కొలిచి చూసుకునేలా రాయాలి. స్లాబుకి కనీసం ఎం20 కాంక్రీటు, పీపీసీ సిమెంటైతే కనీసం 10 రోజులు తడి ఆరకుండా నీళ్లు పట్టాలి. ఐఎస్ 456 నిబంధన ఇదే. డెల్టా నల్లమట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. అందుకే ఇంజినీరు చెప్పిన పునాది లోతు అంకెల్లో ఉండాలి. ఏ పని పూర్తయితే ఎంత డబ్బు ఇవ్వాలో కూడా రాయాలి.

అప్పు లావాదేవీని రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని సూరా బఖరా 282వ ఆయత్ చెబుతోంది. ఇంటి ఒప్పందానికీ ఆ జాగ్రత్త మంచిదే. ఇద్దరూ సంతకాలు చేసి, చెరో కాపీ ఉంచుకోవాలి.