ఇంటి పనిముట్లకు కొబ్బరి నూనె: ఎక్కడ మేలు, ఎక్కడ కీడు

షోలాపూర్ నగరంలోని భవాని పేట్ తెలుగు పద్మశాలీల నివాసంగా పేరుపొందిన పేట. తెలంగాణ జిల్లాల నుండి కొన్ని తరాల క్రితం బ్రతుకుతెరువుకై వలస వచ్చిన కుటుంబాలు ఇక్కడ మరమగ్గాలను, బీడీల చాటలను నమ్ముకొని స్థిరపడినవి. ఇటువంటి ఇంటిలో కొబ్బరి నూనె సీసా దువ్వెన పక్కనే ఉన్నప్పటికీ, దాని ఉపయోగం తలకట్టుతో ముగియదు. కత్తెరకు, కత్తిపీటకు, ఇత్తడి దీపపు కుందెకు, చేతికంటిన జిడ్డుకు కూడ గృహిణులు ఆ సీసానే అందుకొంటారు. ఈ అలవాట్లలో కొన్ని శాస్త్రసమ్మతమైనవి, కొన్ని వ్యర్థమైనవి. ఒకటి రెండు ప్రమాదకరమైనవి కూడ. 2025లో కొబ్బరి నూనె ధర విపరీతంగా పెరిగిన పిమ్మట, ఏ పనికి ఎన్ని చుక్కలు వాడవలెనన్నది వెయ్యి బీడీల లెక్కన కూలి పొందే ఇంటికి చిన్న ప్రశ్న కాదు.

మొదట బీడీ కత్తెర సంగతి చూద్దాం. తునికాకును నీటిలో తడిపి, మెత్తబడిన తరువాత రేకు అచ్చును ఆకుపై ఉంచి కత్తిరిస్తారు. దినమంతా తడి ఆకును కోసిన ఇనుప కత్తెరకు తుప్పు పట్టక తప్పదు. తుప్పు పట్టిన అంచు ఆకును కోయదు, చీల్చుతుంది. అంచు చీలిన ఆకుతో చుట్టిన బీడీ నాసిరకమని పక్కకు పోతే, దానికి చేసిన శ్రమ కూడ పోయినట్లే. కావున పని ముగిసిన వెంటనే కత్తెరను పొడిగుడ్డతో తుడిచి, రెండు చుక్కల కొబ్బరి నూనెను రెండు అలుగులకు, నడిమి మేకుకు రాయడం మంచి అలవాటు. ఇనుము తుప్పు పట్టుటకు నీరు, ప్రాణవాయువు రెండూ కావలెను. నూనె పొర ఆ రెంటినీ లోహానికి దూరంగా ఉంచుతుంది. అయితే తుడవకుండా తడిపైనే నూనె రాసినచో, నూనె క్రింద చిక్కిన నీరు తన పని తాను చేసుకొనిపోతుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే.

ఈ పనికి కిరోసిన్ గాని యంత్రాల నూనె గాని చాలదా అని అడుగవచ్చును. తుప్పును ఆపుటకు అవీ పనికివస్తాయి. కాని వాటి వాసన ఆకుకు అంటుతుంది. ఆ ఆకు మనిషి నోటికి చేరేది. తినదగిన నూనె అయినందున కొబ్బరి నూనె ఇక్కడ మేలు. అదే కారణం చేత సుగంధం కలిపిన తలనూనె పనికిరాదు. సీసాపైన ఉన్న చీటీని చదివి, శుద్ధమైన కొబ్బరి నూనెనే ఎంచుకొనవలెను. చిన్న సీసాలలోని శుద్ధ కొబ్బరి నూనె వంటనూనెయా, తలనూనెయా అన్న పన్ను వివాదం ఏండ్ల తరబడి నడిచి, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో వంటనూనె పక్షాన తేలింది. గృహిణి మాత్రం ఏనాడూ ఈ భేదాన్ని పాటించలేదు!

నేతవారికి ఈ నూనెతో మరింత పాత చుట్టరికం ఉన్నది. చేనేతలో పడుగు నూలుకు గంజి పెట్టేటప్పుడు, బియ్యపు గంజిలో కొద్దిగా కొబ్బరి నూనె కలపడం వెంకటగిరి వంటి ఆంధ్ర నేత కేంద్రాలలో తెలిసిన పద్ధతి. ఒట్టి గంజి ఎండితే పెళుసుబారి రాలుతుంది, పోగు తెగుతుంది. నూనె చేరిన గంజి పోగుతోపాటు వంగుతుంది. మరాఠీలో 'గంజ్' అనగా తుప్పు, మనకు 'గంజి' అనగా నూలుకు పెట్టేది. ఒక్క అక్షరం తేడాగల ఈ రెండింటికీ ఒకే 'ఖోబ్రేల్ తేల్' మందు కావడం ఈ పేటలోని రెండు భాషల పిల్లలకు చెప్పదగిన ముచ్చట.

జిడ్డును జిడ్డే కరిగిస్తుంది. మగ్గం వద్ద చేతులకంటిన నల్లని మడ్డి ఒక్క సబ్బుతో వదలదు. కొబ్బరి నూనెతో బాగుగా రుద్ది, పాతగుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడిగితే చర్మం పగలకుండా వదులుతుంది. కొత్త స్టీలు గిన్నెకు అంటించిన ధర చీటీ బంక, కత్తిపీటకు పట్టిన పనసపాలు ఇదే సూత్రం మీద వదులుతాయి. చీటీపై నూనె రాసి పావుగంట ఆగవలెను. గోటితో గీకే తొందర అక్కరలేదు. బట్టపై పడిన యంత్రపు మరకకు కూడ ఈ ఉపాయం పనిచేస్తుంది గాని, వెంటనే సబ్బుతో పూర్తిగా ఉతకనిచో ఒక మరక పోయి రెండవ మరక మిగులుతుంది. అమ్మకానికి నేసిన దుప్పటిపై ఈ ప్రయోగం చేయరాదు.

ఇత్తడి విషయంలో ఒక అపోహ ఉన్నది. నారళీ పూర్ణిమ నాటి మార్కండేయ మహర్షి రథోత్సవానికి ముందు ఇంటింటా పూజాపాత్రలు తోముతారు. కొబ్బరి నూనె ఇత్తడి చిలుమును వదిలించదు. ఆ పని చింతపండులోని ఆమ్లానిది. తోమి, ఆరబెట్టిన పిదప పలుచగా నూనె అద్దితే ఆ మెరుపు కొన్నాళ్లు నిలుస్తుంది, అంతే. కుళాయిలకు, బకెట్లకు పట్టిన ఉప్పునీటి తెల్లని పొర కూడ నూనెకు లొంగదు, నిమ్మరసానికి లొంగుతుంది.

ఇక వాడరాని చోట్లు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. షోలాపూర్‌లో చలికాలపు రాత్రులు అంతకంటె చాల చల్లనివి. కుట్టుమిషను సందులలో పోసిన కొబ్బరి నూనె ఉదయానికి వెన్నవలె బిగుసుకొని, దుమ్మును, దూదిని పట్టుకొని కూర్చుంటుంది. మిషనుకు, మరమగ్గానికి, ఫ్యానుకు వాటికై తయారైన నూనెలే వాడవలెను. తాళంకప్పలో ఏ నూనె పోసినా దుమ్ము చేరేదే. పెన్సిలు ములికి పొడి ఉత్తమం. రబ్బరు సామాగ్రికి నూనె తగిలితే ఉబ్బి సాగుతుంది. షాబాదు బండల నేలపై మెరుపు కోసం రుద్దితే వృద్ధులు జారిపడుటకు దారి చేసినట్లే.

తలుపులకు, చెక్క పెట్టెలకు రాయవచ్చునా? అవిసె నూనె గాలి తగిలి ఎండి గట్టి పొరగా మారుతుంది. కొబ్బరి నూనె అట్లు ఎండదు. నూనెలు ఎండే గుణాన్ని సూచించే అయొడిన్ విలువ అవిసెకు 170 దాటగా, కొబ్బరికి 10కి అటు ఇటుగా ఉంటుంది. కనుక చెక్కపై అది జిడ్డుగానే మిగిలి, నెలల తరువాత ముక్క వాసన వేస్తుంది. రొట్టెలు చేసే కర్రకు, పప్పుగుత్తికి అప్పుడప్పుడు కొద్దిగా పట్టించి తుడిచివేస్తే చాలును.

ఎండని నూనె గనుకనే కొబ్బరి నూనె గుడ్డలు, అవిసె నూనె గుడ్డలవలె తమంత తామే వేడెక్కి మండే అవకాశం తక్కువ. అయినను మగ్గం ఉన్న ఇంటిలో దూది మూలమూలలా ఉంటుంది. నూనె తాగిన గుడ్డకు నిప్పురవ్వ తగిలితే వత్తివలె మండుతుంది. 2025 మే 18న అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామికవాడలోని తువ్వాళ్ల కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదంలో 8 మంది మరణించారు. నూనెను నిందించుటకు కాదు, నూలు ఉన్న చోట నిప్పు ఎంత వేగంగా వ్యాపించునో గుర్తుచేయుటకే ఈ ప్రస్తావన. నూనె గుడ్డలను మగ్గం క్రింద కుక్కక, ఆనాడే సబ్బుతో ఉతికి ఆరవేయవలెను. ఉతుకుటకు వీలుకానిచో మూత గల రేకు డబ్బాలో వేసి, పొయ్యికి, విద్యుత్ మీటలకు దూరంగా ఉంచవలెను.