కల్లు దుకాణం

కల్లు దుకాణం అనగా తాటి, ఈత చెట్ల నుండి తీసిన కల్లును అమ్మే స్థలము. దీనినే కల్లుపాక అని కూడా అంటారు. గోదావరి పశ్చిమాన ఉన్న మెట్ట ప్రాంతంలో, అనగా నల్లజర్ల, ద్వారకా తిరుమల, తాడేపల్లిగూడెం పరిసరాలలో, పొలం గట్ల మీద తాడిచెట్లు విరివిగా ఉండుటచే కల్లుపాక గ్రామజీవనంలో ఒక భాగమయింది. (పూర్వం పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్న నల్లజర్ల మండలం 2022 ఏప్రిల్ నుండి తూర్పు గోదావరి జిల్లాలో ఉంది.) ఇంగ్లండు పల్లెలలోని పబ్బుకు ఒక పేరు, తరచు దీర్ఘకాలం దానిని నడిపిన ఒక కుటుంబం ఉంటాయి. కల్లుపాకకు పేరు లేదు. దాని యజమాని ఎవరనేది చాలాకాలం వేలంపాటలోనే తేలేది.

కల్లు, పాక

గోదావరి జిల్లాలలో కల్లు గీత ప్రధానంగా శెట్టిబలిజ, గౌడ తదితర కులాల వృత్తి. గీత కార్మికుడు నడుముకు మోకు వేసుకొని చెట్టెక్కి, గెల కొసను పదునైన కత్తితో పలుచగా చెక్కి దాని క్రింద కుండ కడతాడు. గెలను ప్రతిరోజూ చెక్కుతూ ఉండాలి, లేనిచో రసం ఊరడం ఆగిపోతుంది. మోకు జారినా, తెగినా ప్రాణానికే ప్రమాదం.

ఊరినప్పుడు ఈ రసం తియ్యగా ఉంటుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియదు. దానిని నీరా అంటారు, కాచితే తాటిబెల్లం అవుతుంది. సున్నం లేని కుండలో కొద్ది గంటలలోనే పులిసి కల్లుగా మారుతుంది. మరునాటికి బాగా పుల్లబడుతుంది. నిలువ ఉండదు కనుక కల్లు దూరప్రయాణం చేయలేదు. దుకాణం చెట్టుకు దగ్గరగానే ఉండాలి. సారాయి అట్లు కాదు. ఒకచోట కాచి ఎన్ని ఊళ్ళకైనా పంపవచ్చు. పెద్ద కంట్రాక్టర్లు సారాయి వ్యాపారంలో పుట్టడానికి ఇది ఒక ముఖ్య కారణం.

పాక అంటే నాలుగు గుంజల మీద తాటాకు కప్పు, క్రింద వరుసగా కుండలు, కూర్చోవడానికి నేల. తాగడానికి తాటాకు దొన్నె, నంజుకోవడానికి ఉడికించిన శనగలు, ఎండుచేపలు. కూలిపని ముగించుకొని వచ్చేవారే ఎక్కువ.

వేలంపాటలు

1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. క్రమంగా చెట్టు పన్ను పద్ధతి ఏర్పడింది. గీయదలచిన ప్రతి చెట్టుకూ పన్ను కట్టాలి, దుకాణం నడిపే హక్కును వేరుగా వేలంలో పాడుకోవాలి. పాడేందుకు సొమ్ము కావాలి, గీత కార్మికుని వద్ద అది ఉండదు. కనుక పాట పాడినవాడు దుకాణదారు, చెట్టెక్కేవాడు అతనికి కూలి అయినారు. తాతల నాటి నుండి తాను గీస్తున్న చెట్టు కల్లును తన ఇష్టప్రకారం అమ్ముకోవడం కూడా నేరమే. ఈ అన్యాయం గురించి చరిత్ర పుస్తకాలలో కనబడేది తక్కువ.

నిషేధం, ప్రభుత్వ పతనం

1921-22 సహాయనిరాకరణోద్యమంలో కల్లు దుకాణాల ముందు పికెటింగు, వేలంపాటల బహిష్కరణ జరిగాయి. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించింది. పోయిన ఆదాయానికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. 1948 అక్టోబరు 2 నాటికి నిషేధం మద్రాసు రాష్ట్రమంతటికీ విస్తరించింది.

ఖజానాకు అమ్మకపు పన్ను దొరికింది కాని, గీత కుటుంబాలకు సరిపడే వేరొక జీవనోపాధి దొరకలేదు. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఈ సమస్య వారసత్వంగా వచ్చింది. ఎస్.వి.రామమూర్తి కమిటీ నిషేధం విఫలమైనదని, ఎత్తివేయాలని సూచించింది. ప్రభుత్వం ఆ సూచనను అమలుచేయలేదు. గౌతు లచ్చన్న గీత కార్మికుల పక్షాన నిలిచారు. 1954 నవంబరు 6న శాసనసభలో ఈ విషయంపైనే ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. పాకలో కూర్చొనేవాని కొరకు కాదు, చెట్టెక్కేవాని కొరకు ఒక ప్రభుత్వం పడిపోయిందని చెప్పవచ్చు. అయినను నిషేధం వెంటనే తొలగలేదు.

సారాయి కాలం, తరువాత

1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వచ్చాక ఆంధ్ర ప్రాంతంలో దుకాణాలు మళ్ళీ తెరుచుకున్నాయి. వేలంపాటలూ తిరిగి వచ్చాయి. అయితే ఈసారి ఊరిలో పెత్తనం సారా కంట్రాక్టరుది. 1980లలో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వ సారాయి ప్లాస్టిక్ పొట్లాలలో ఊరూరా చేరింది. పొట్లానికి పాక అక్కరలేదు, దొన్నె అక్కరలేదు. కల్లుపాకను నిషేధం కన్న ఇదే ఎక్కువగా దెబ్బతీసింది.

నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన మహిళల ఉద్యమం 1992లో రాష్ట్రమంతటా వ్యాపించగా, 1993 అక్టోబరు 1 నుండి సారాయి నిషేధింపబడింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది. ఆ తరువాత సీసా మద్యం దుకాణాలు, వాటికి అనుబంధంగా అనుమతి లేని 'బెల్టు షాపులు' పల్లెలకు చేరాయి. 2019 అక్టోబరులో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడపసాగింది. 2024 అక్టోబరులో లాటరీ ద్వారా 3,396 దుకాణాలు మళ్ళీ ప్రైవేటువారికి దక్కాయి. వీటికి అదనంగా, ఆ సంఖ్యలో పదోవంతుగా 340 దుకాణాలను 2025లో గీత కులాలవారికి కేటాయించారు. వీటిలో అమ్మేది మాత్రం కల్లు కాదు, సీసాలలోని మద్యం.