మీకు తెలుసా? క్లారా వేళ్ల మహిమ!

నాలుగేళ్లు దాటేదాకా ఆ పాపకు మాటలే సరిగ్గా రాలేదు! చెవుడేమోనని ఇంట్లో అనుమానం. ఆ పాపే క్లారా షూమన్. పుట్టింది జర్మనీలోని లైప్‌జిగ్‌లో. తొమ్మిదేళ్లకే ఆ ఊరి పేరుమోసిన కచేరీ హాల్లో పియానో వాయించేసింది!

ఆమెకు ఏడేళ్లప్పుడు డైరీ మొదలైంది. అందులో అన్నీ ‘నేను’, ‘నేను’ అనే మాటలే. రాసింది మాత్రం నాన్న! పియానో గురువూ ఆయనే. కూతురు సోమరి, మొండి అని తిట్టాలనుకున్నా ఆమె మాటల్లాగే రాసి తిట్టాడు. ఎంత గడుసు!

పదమూడేళ్లకు ఏకంగా పియానో కాన్సెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పెద్ద సంగీత రచన) రాయడానికి కూర్చుంది. 1835లో తనే వాయించింది. ఆర్కెస్ట్రాను నడిపించింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ప్రఖ్యాత సంగీతకర్త మెండెల్సన్!

వియన్నా జనం ఆమె కచేరీలకు ఎగబడ్డారు. చివరికి అక్కడ ఆమె పేరుతో కేకు కూడా అమ్మారు! అప్పటికి ఆమె వయసు 18.

స్వరాల కాగితం చూడకుండా పియానో వాయిస్తే మెచ్చుకుంటారు కదా? 1837లో బెర్లిన్‌లో అలా వాయిస్తే, పొగరు అంది ఓ పెద్దావిడ!

సంగీతకర్త రాబర్ట్ షూమన్‌తో పెళ్లికి నాన్న ససేమిరా అన్నాడు. ప్రేమికులు కోర్టుకెక్కి గెలిచారు! పెళ్లి 1840 సెప్టెంబరు 12న. ఇంకొక్క రోజు ఆగితే ఆమెకు 21 నిండేవి. ఆగితేగా!

ఇది వింటే ఒళ్లు జలదరిస్తుంది. 1849లో వాళ్లు కాపురముంటున్న డ్రెస్డెన్‌లో తిరుగుబాటు. వీధుల్లో కాల్పులు! రాబర్ట్‌ను బలవంతంగా పోరులోకి లాగుతారేమోనని భయపడి, పెద్దకూతురిని వెంటబెట్టుకుని భార్యాభర్తలు ఊరు దాటారు. మిగతా పిల్లలు ఇంట్లోనే ఉండిపోయారు. క్లారా ఏడో నెల గర్భిణి. అయినా తెల్లవారుజామున చీకట్లో నడిచి వెనక్కి వెళ్లింది. నిద్రపోతున్న పిల్లల్ని లేపింది. బట్టలు తొడిగింది. వాళ్లను తీసుకుని బయటపడింది! భర్త మాత్రం ఊరి బయటే ఉండిపోయాడండోయ్!

క్లారాకు 36 ఏళ్లప్పుడే భర్త పోయాడు. ఇంటినిండా పిల్లలు. ఆమె మళ్లీ పియానో ముందు కూర్చుంది. అలా జీవితమంతా చేసిన కచేరీల కరపత్రాలు ఒక్కటీ పారేయకుండా దాచింది. ఎన్నో తెలుసా? దాదాపు 1,300!

ఇక టీచరమ్మగా ఆమె దర్జా చూడండి! ఫ్రాంక్‌ఫర్ట్ సంగీత కళాశాల 1878లో ఆమెను పిలిచింది. అక్కడ ఆడవాళ్లకు ఉద్యోగాలు ఇవ్వకూడదని డైరెక్టరు పట్టు. మరి క్లారా? ఆమెను మగాళ్ల లెక్కలో వేసుకున్నాడట! ఆమె షరతులు ఇంకా బాగుంటాయి. పాఠాలు తన ఇంట్లోనే. అదీ రోజుకు గంటన్నరే! అన్నిటికీ సరేనన్నారు.

జర్మనీ పాత 100 మార్కుల నోటు మీద బొమ్మ ఎవరిదో తెలుసా? క్లారాదే! వెనకవైపు పియానో. యూరో వచ్చాక ఆ నోటు చెలామణీ ఆగింది. కానీ ఎవరి బీరువాలోనైనా దొరికితే జర్మనీ సెంట్రల్ బ్యాంకు ఇప్పటికీ తీసుకుంటుంది. 51 యూరోల 13 సెంట్లు చేతిలో పెడుతుంది!