మోటారు బండ్ల బీమా: స్వదేశమునను పరదేశమునను

మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమునుండి నాకొక ఉత్తరము వ్రాసెను. కల్వకుర్తిలో నున్నంతకాలము తండ్రిగారి నూరు సీసీ మోటారు సైకిలుపై తిరిగిన పిల్లవాడు. అచ్చట చదువు ముగించి, ఉద్యోగమున జేరి, పాత కారొకటి కొని, దానికి బీమా చేయింపబోగా ఆరు నెలలకు వారడిగిన మొత్తము విని నిర్ఘాంతపోయెనట. “సారూ, ఈ ప్రీమియముతో మన ఊరిలో క్రొత్త బండియే కొనవచ్చును. కారు మాని మోటారు సైకిలు కొన్నచో, మన దగ్గరవలె ఇక్కడను బీమా చౌకగా నుండునా?” అని యతని ప్రశ్న. నేను గణితము చెప్పువాడను గనుక ఈ లెక్కయు నాకే తెలియునని తలంచెను కాబోలు. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము వ్రాయుటకై నేను చదివి తెలిసికొనిన సంగతులే ఈ వ్యాసమున పొందుపరచుచున్నాను. మన విద్యార్థులలో ఏటేట పలువురు పరదేశములకు బోవుచున్నారు. కావున ఇవి ఒక్కనికి మాత్రమే గాక పెక్కురకు ఉపయోగపడును.

మొదట మన దేశపు లెక్క చూతము. బండి రోడ్డుమీదికి రావలెనన్న ‘థర్డ్ పార్టీ’ బీమా తప్పనిసరి. 1939వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోనే ఈ నిబంధన చేర్చబడినది గాని, ఆ భాగము 1946 జులై 1వ తేదీనాడు గాని అమలునకు రాలేదు. ఇప్పుడున్నది 1988 నాటి చట్టము. ఈ తప్పనిసరి బీమాకు ధర కంపెనీ నిర్ణయించునది కాదు. ప్రభుత్వమే పట్టిక ప్రకటించును. 2022 జూన్ 1 నుండి అమలునకు వచ్చిన పట్టికలో 75 సీసీకి మించి 150 సీసీ వరకు గల మోటారు సైకిలుకు సంవత్సరమునకు 714 రూపాయలు. 1000 సీసీకి మించి 1500 సీసీ వరకు గల సొంత కారుకు 3,416 రూపాయలు. వీనిపై నూటికి పదునెనిమిది వంతున పన్ను. అనగా మోటారు సైకిలువాడు ఒకటి యిచ్చుచోట కారువాడు దాదాపు ఐదు ఇచ్చుచున్నాడు.

ఈ పట్టికలో లేని దేదియో గమనింపుడు. బండి నడుపువాని వయస్సు లేదు, ఊరు లేదు, పూర్వము ప్రమాదము చేసెనా లేదా యన్న మాట లేదు. పదునెనిమిదేండ్ల కుర్రవాడును, ముప్పది సంవత్సరములు ఒక్క గీత పడకుండ నడిపిన పెద్దమనిషియు ఒకే 714 రూపాయలు కట్టుదురు. ఇచ్చట తూచబడునది ఇంజను, మనిషి కాదు. మన బండికే కలుగు నష్టమునకు చేయించుకొను ‘ఓన్ డామేజి’ బీమాలో మాత్రము మనిషి నడవడి కొంత లెక్కకు వచ్చును. క్లెయిము లేకుండ గడిపిన మొదటి సంవత్సరమునకు నూటికి 20, తరువాత 25, 35, 45, ఐదేండ్లు నిండినచో 50 వంతున తగ్గింపు. దీనినే ‘నో క్లెయిమ్ బోనస్’ అందురు.

మోటారు సైకిలుకు ధర ఏల తక్కువ? చిన్నది గనుక, చౌక గనుక అని తరగతిలో పిల్లలు చెప్పుదురు. అది సరియైన యుత్తరము కాదు. థర్డ్ పార్టీ బీమా ఇతరులకు కలుగు హానిని మాత్రమే కొలుచును. గుద్దుకొన్నచో కారు ఇతరులకు చేయు హాని ఎక్కువ, మోటారు సైకిలు చేయు హాని తక్కువ. నడుపువానికి తగులు దెబ్బ ఆ కొలతలోనికే రాదు. అందువలననే అపాయము తనకే ఎక్కువగా గలవాడు అందరికంటె తక్కువ ధర చెల్లించుచున్నాడు. ఆ తక్కువ ధరకు తగినట్లే ఆ కాగితములో తనకు చోటును లేదు!

ఈ మాట కొంచెము వివరించి చెప్పవలసియున్నది, ఏలయన మన పల్లెలలో నూటికి తొంబదిమంది దీని నెరుగరని నా అనుభవము. బండి యజమాని తన బండిమీదనుండి పడినచో అతడు ‘థర్డ్ పార్టీ’ కాడు. అందుకొరకు వేరుగా యజమాని ప్రమాద బీమా యున్నది. 2018 వరకు అది ద్విచక్రవాహనమునకు లక్ష రూపాయలు, కారుకు రెండు లక్షలు మాత్రమే. ఆ సంవత్సరమున పదునైదు లక్షలకు పెంచబడినది. ఇక వెనుక కూర్చున్నవాని మాట. చట్టమునకు కావలసినంత మాత్రమే గల పాలసీ వెనుక కూర్చున్నవానికి వర్తింపదని సుప్రీముకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసున తీర్పు చెప్పినది. భార్యను ఆసుపత్రికి, బిడ్డను బడికి, తండ్రిని సంతకు ఎక్కించుకొని పోవునది ఆ వెనుక సీటుమీదనే గదా! సమగ్ర పాలసీ తీసికొన్నవారికి ఈ చిక్కు లేదు.

ఇప్పుడు పరదేశమునకు పోదము. అచ్చట ఇంజనును తూచకపోరు గాని, దానికంటె ముందు మనిషిని తూచుదురు. నీ వయస్సెంత, లైసెన్సు పుచ్చుకొని ఎన్నేండ్లైనది, ఏ వీధిలో నివసించుచున్నావు, ఏడాదికెన్ని మైళ్లు నడుపుదువు అని యడుగుదురు. బ్రిటనులో కార్లను 1 మొదలు 50 వరకు వర్గములుగ విభజించినారు. బండి రాత్రి ఎచ్చట నిలుపుదువని కూడ అడుగుదురు. ఐరోపా న్యాయస్థానపు తీర్పు ననుసరించి 2012 డిసెంబరు 21 నుండి స్త్రీపురుష భేదమునుబట్టి మాత్రము ధర నిర్ణయింపరాదు. టెక్సాసులో అప్పులు తీర్చిన చరిత్రను కూడ చూచుటకు చట్టము సమ్మతించుచున్నది. అదే అమెరికాలోని కాలిఫోర్నియాలో అది కూడదు. ఒకే దేశమున రాష్ట్రము మారగానే లెక్క మారునన్న మాట.

ఇట్టి తక్కెడలో మన పిల్లవాడు కూర్చున్నచో ఏమగును? కల్వకుర్తినుండి శ్రీశైలము దారిలో ఎన్నిసార్లు బండి నడిపెనో, ఎద్దుల బండ్లను, మేకల మందలను, ఎదురుగా వచ్చు బస్సులను తప్పించుకొని ఒక్క ప్రమాదమైనను లేకుండ ఎట్లు వచ్చెనో ఆ కంపెనీకి తెలియదు. వారి లెక్కలో అతడు నిన్ననే పుట్టిన డ్రైవరు. అప్పుల చరిత్రయు లేదు. చెడ్డవాడని కాదు, తెలియనివాడని ఎక్కువ ధర. రెండు మూడేండ్లు నిర్దోషముగా గడిపినచో అది క్రమముగా తగ్గును.

మరియొక భేదము. ధరనే పోల్చి, ఆ ధరకు వచ్చునదేమో పోల్చనివాడు సంతలో శేరును చూడక రూపాయిని మాత్రమే చూచిన వానివంటివాడు. టెక్సాసు చట్టము కోరు కనీసపు బీమా ఒక మనిషి గాయమునకు 30,000 డాలర్లు, ఒక ప్రమాదమున ఎందరు గాయపడినను మొత్తము 60,000, ఇతరుల ఆస్తికి 25,000. అచ్చటి ఆసుపత్రి ఖర్చులకు ఇది చాలకపోవచ్చును. మించినది నడిపినవాని నెత్తిన బడును. మన దేశమున థర్డ్ పార్టీ మరణమునకును గాయమునకును ఇట్టి పరిమితి లేదు. చనిపోయినవాని వయస్సు, సంపాదన, అతనిపై ఆధారపడినవారి సంఖ్య చూచి ట్రిబ్యునలు నిర్ణయించిన మొత్తమును కంపెనీ ఈయవలెను. ఆస్తి నష్టమునకు మాత్రము కారు విషయమున ఏడున్నర లక్షలు పరిమితి. బ్రిటనులోను దేహగాయమునకు పరిమితి లేదు. కావున డాలరును రూపాయిలోనికి మార్చి వాపోవుట కంటె, ఎంత జీతమునకు ఎంత ప్రీమియము, ఎంత ప్రీమియమునకు ఎంత రక్షణ అని చూచుట మేలు.

ఇక మోటారు సైకిలు ప్రశ్న. ఇతరులకు కలుగు హానికి మాత్రమే బీమా చేసినచో టెక్సాసులోను మోటారు సైకిలు ధర సాధారణముగా కారుకంటె తక్కువయే. కాని నడుపువాని గాయమును కూడ లెక్కలోనికి తెచ్చిన దేశమున ఏమి జరుగునో తెలిసికొనవలెనన్న న్యూజీలండును చూడవలెను. అచ్చట 1974 ఏప్రిల్ 1 నుండి, తప్పెవరిదని యడుగక, ప్రమాదమున గాయపడిన ప్రతివానికిని ప్రభుత్వ సంస్థయే వైద్యమునకును పోయిన జీతమునకును సొమ్ము ఇచ్చుచున్నది. ఆ సొమ్ములో కొంత బండి రిజిస్ట్రేషనుతోపాటు వసూలు చేయుదురు. అచ్చట మోటారు సైకిలు కట్టవలసినది కారుకంటె చాల ఎక్కువ! మన పట్టిక అచ్చట తలక్రిందులైనది. 2009లో ఈ రుసుమును మరింత పెంచబూనగా వేలకొలది మోటారు సైకిళ్లవారు వెల్లింగ్టను నగరమున పార్లమెంటు ఎదుట చేరి నిరసన తెల్పిరి. కారువాని తప్పునకు మేమేల కట్టవలెనన్నది వారి వాదము. అందు కొంత న్యాయము లేకపోలేదు. అయినను అదే బండి, అదే మనిషి. ఎవరి దెబ్బను లెక్కించితిమన్న దానిబట్టి ధర ఇట్లు మారుట విద్యార్థులు గమనింపదగినది.

పోవువారు చేయవలసిన పనులు కొన్ని గలవు. బండి నమ్ముకొని పోవునపుడు నో క్లెయిమ్ బోనస్ నిలుపుకొనుటకై కంపెనీనుండి ఉత్తరము పుచ్చుకొనవలెను. ఆ తగ్గింపు మనిషిది గాని బండిది కాదు. మూడేండ్లలోపల తిరిగివచ్చి మరియొక బండి కొన్నచో అది చెల్లును. పరదేశపు కంపెనీలలో దానిని మన్నించునవియు, మన్నింపనివియు రెండును గలవు. అడుగుటవలన నష్టము లేదు. ఒక్కచోట గాక నాలుగైదు చోట్ల అడుగవలెను. బ్రిటనులో మన లైసెన్సు పండ్రెండు నెలలే చెల్లును; ఆలోపల అచ్చటి లైసెన్సు పుచ్చుకొనుట మంచిది. సామాన్యమైన పాలసీతో భోజన పొట్లములు చేరవేయు కూలి పని అచ్చట చేసినచో బీమా లేనట్లే లెక్క. బీమా లేక నడిపినవానికి 300 పౌండ్ల జరిమానాయు, లైసెన్సుపై ఆరు పాయింట్లును పడును. మన దేశమున మొదటిసారికి జరిమానా రెండువేల రూపాయలు.

ఈ సంగతులన్నియు వ్రాసి పంపితిని. మోటారు సైకిలు తలంపు మానుకొని కారుకే బీమా చేయించితినని అతడు బదులు వ్రాసెను. ఉత్తరము చివర, “సారూ, మా నాయన బండి కాగితములు ఒకసారి చూడగలరా?” అని యుండెను. నేనొక సాయంకాలము వారింటికి బోయితిని. ఆ బండి 2019 దసరాకు కొనినది. 2018 సెప్టెంబరు 1 నుండి క్రొత్త మోటారు సైకిలుకు ఐదేండ్ల థర్డ్ పార్టీ బీమా ఒక్కసారియే కట్టవలెనను నియమము గలదు. ఐదేండ్లు ఎవరును అడుగలేదు, వీరును తలంపలేదు. ట్రంకు పెట్టెలో ఇంటి పట్టా కాగితముల క్రింద మడత చెడక యున్న ఆ పాలసీ గడువు తీరి సంవత్సరము దాటినది. అన్నాళ్లును ఆయన దానిపైననే పొలమునకు పోవుచు, వెనుక మనుమని కూర్చుండబెట్టుకొని బడిలో దింపుచుండెను.

“ఐదేండ్లకు కట్టితిమి గద సారూ, అయిపోయెనా?” అని ఆయన యడిగెను. మరునాడు ఇద్దరము కలిసి పోయితిమి. వారు బండిని చూచి, ఫోటోలు తీసికొని, సమగ్ర పాలసీ యిచ్చిరి. తొంబది దినములు దాటినందున పాత తగ్గింపు పోయినది. యజమాని ప్రమాద బీమాయు చేర్పించితిమి. రసీదును ఫోటో తీసి టెక్సాసునకు పంపగా, అచ్చట తెల్లవారుజాము అయినను, అయిదు నిమిషములలో జవాబు వచ్చెను.